బాలయ్య పేరు మీద జాఫర్ చెయ్యి

"పేషెంటు క్లెయిం చేసిండా?" అని కౌంటర్‌లో గుమాస్తా అడిగాడు. లాడ్లీ బేగానికి అది "కాలం చేసిండా?" అని వినబడింది. పొద్దున కంకర మిషన్‌లో చెయ్యి నలిగిన కొడుకు జాఫర్ లోపల ఉన్నాడు. "హాయ్ అల్లా, నా కొడుకు పాయె!" అంటూ ఆమె కూలబడింది. కొత్తకోటలోని ఆ ప్రైవేటు దవాఖాన వాకిట్లో ఉన్న నలభైమంది క్రషర్ కూలీలూ ఏడుపందుకున్నారు.

నర్సు వచ్చి "బతికే ఉన్నడమ్మా" అని ఆమెను లేపింది. బయటివాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మేస్త్రీ ఐలేశం తలుపు దగ్గరే బిగుసుకుపోయాడు.

మాటలు విరిచి నవ్వించడంలో అతనికి సాటి లేదు. "బీమా అంటే భీముడురా! దవాఖానల మీ ఎనక గద పట్టుకొని నిలబడ్తడు" అని చెప్పి, నెలనెలా కూలీలో కోతకు అందరినీ ఒప్పించింది అతనే.

గుమాస్తా కార్డు చూపాడు. "గిది బాలయ్యది. లోపలున్నది జాఫర్. బీమా చెల్లదు. పైసలు కట్టుండ్రి. పొద్దుగూకేలోపల ఆపరేషన్ కాకుంటె చెయ్యి తీసెయ్యాలె."

బాలయ్య నిరుడే పోయాడు. అతని జాగాలో జాఫర్‌ను పెట్టి, హాజరు పుస్తకంలో పాత పేరే నడిపాడు ఐలేశం. "కొత్తోనికి కొత్త కార్డెందుకు?" అని అప్పుడు అన్నవాడు క్రషర్ మేనేజర్ రామచంద్రయ్య. "పేరు ఏదైతేంది సారు, మాకు పేరాశ లేదు" అని ఆనాడు ఐలేశం పకపకా నవ్వాడు.

"నోరు మూసుకుంటే మేస్త్రీవి. తెరిస్తే దొంగ హాజరు రాసినోనివి. పోలీసుల పిలుస్త" అని ఇప్పుడు పక్కనే నిలబడ్డ రామచంద్రయ్య అతని చెవిలో అన్నాడు.

మొన్న పండక్కి ఐలేశం ఇంటికి సేమియా తెచ్చిచ్చిన లాడ్లీ బేగం ఎదురుగా నిలబడి ఉంది. అతను ఆమె మొహం చూడలేక మెట్ల మీదికి వచ్చాడు.

"ఏడుపాపుండ్రి! జాఫర్ బతికున్నడు. క్లెయిం అంటే బీమా పైసలడుగుడు. అక్కకు కాలం అని వినబడ్డది. కాలం చేసింది బాలయ్య. ఆయన పేరు మీద జాఫర్‌ను పనికి పెట్టింది నేను. గందుకే బీమా చెల్లదంటున్నరు. సిగ్గు పోయింది నాది, చెయ్యి పోతాంది వానిది."

కూలీల్లోంచి మారెమ్మ తన కార్డు చాచింది. "నాకు చదువు రాదు. గిండ్ల ఎవరి పేరున్నది?"

"హనుమమ్మ. పని ఇడిచి బొంబాయి పోయింది గదా..." అని ఐలేశం నసిగాడు.

"థూ! నవ్వుకుంట నవ్వుకుంట గొంతు కోస్తివి గదరా!"

కార్డులన్నీ బయటికి వచ్చాయి. పదకొండింటిలో పరాయి పేర్లే. "మేస్త్రీని తన్నుండ్రి!" అని ఎవరో మీదికి వచ్చారు. మిషన్ నడిపే యాదయ్య అడ్డం నిలిచాడు. "వీని సంగతి ఎనక చూద్దం. జాఫర్‌కు ఆపరేషన్ అయ్యేదాక, ఎవరి పేరు మీద వాళ్లకు కార్డు ఇచ్చేదాక మిషన్ తిరగదు!"

"పోలీసుల పిలుస్త!" అని రామచంద్రయ్య అరిచాడు.

"పిలువుండ్రి సారు. హాజరు పుస్తకం గూడ తెప్పియ్యుండ్రి. దాంట్ల నా రాత కింద మీ సంతకమున్నది" అన్నాడు ఐలేశం.

నలభైమందీ కౌంటర్ ముందు నేల మీద బైఠాయించారు. పొద్దు వాలకముందే, ఖర్చంతా క్రషర్ యజమాని సేటుదేనని రామచంద్రయ్య పూచీ రాసిచ్చాడు. గుమాస్తా కొత్త కాగితం తీశాడు.

"పేషెంటు పేరు?"

ఐలేశం నోరు తెరిచాడు. లాడ్లీ బేగం చెయ్యి అడ్డం పెట్టింది.

"నా కొడుకు పేరు నీ నోట వద్దు."

ఐలేశం తల దించుకున్నాడు. అతని వెనక నేల మీది నలభై గొంతులు ఒక్కసారే లేచాయి.

"జాఫర్!"