పైన ప్రతివాదులు, కింద బకెట్టు

ఆడిటర్ గారి పడగ్గదిలో, మంచం మీద, ఆయనకీ ఆవిడకీ మధ్య ఒక బకెట్టు ఉండేది. పైఇంటి బాత్రూం నీళ్లు సీలింగులోంచి టప్ టప్‌మని అందులో పడేవి. పైకెళ్లి టీచరమ్మతో ఒక్క మాట చెబితే సరిపోయేదే. కానీ ఒక్క మాటతో అయ్యేదాన్ని ఆడిటర్ గారు పనిగా లెక్కవేయరు. అందుకని లాయరు దగ్గరికి వెళ్లారు.

"ఇల్లు ఎవరి పేరున ఉంది సార్?" అంది లాయరమ్మ.

"ఇద్దరి పేరునా."

"అయితే మేడమ్ కూడా వాదిగా సంతకం పెట్టాలి."

ఇంట్లో ఆ మాట చెబితే, ఆవిడ చేతిలో గరిటె కింద పెట్టకుండానే తేల్చేసింది.

"పైఇంటి వదిన మీద నేను కేసెయ్యడమేంటండీ? రేపు ఏ మొహం పెట్టుకుని పలకరించను?"

లాయరమ్మ తొణకలేదు. "తీర్పు ఎవరికి తగులుతుందో వాళ్లంతా కేసులో ఉండాలి సార్. మేడమ్ వాదిగా రానంటే ప్రతివాదిగా చేర్చాల్సిందే."

రూలు రూలే. టీచరమ్మ ఒకటో ప్రతివాది, కట్టుకున్న భార్య రెండో ప్రతివాది, పైపు బిగించిన ప్లంబరు మూడో ప్రతివాది అయ్యారు.

సమన్లు అందుకుని ఆవిడ మురిసిపోయింది. ఆ ఇంటికి ఆవిడ ఒక్కదాని పేరున వచ్చిన మొదటి కవరు అదే మరి. ఆ రోజు నుంచి ఆయన కాఫీ అడిగినా, "కేసు నడుస్తోందండీ. అవతలి పార్టీతో మాట్లాడకూడదు" అనేది. సాయంత్రం కాగానే ప్రతివాదుల మీటింగని పైకి వెళ్లిపోయేది.

ఈలోగా పక్కింటి పోస్టుమాస్టరు మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఆ పైపు మా గోడలోంచి పోవట్లేదా? అందర్నీ చేర్చి మమ్మల్ని వదిలేస్తారా? మేం అంత కానివాళ్లమయ్యామా?"

నాలుగో ప్రతివాదిగా చేర్చేదాకా ఆయన అలక తీరలేదు.

ఇక పైన రోజూ పేకాట, పకపకలు. సీలింగులోంచి చుక్కలతో పాటు నవ్వులూ రాలేవి. కింద వాది, బకెట్టు మిగిలారు. ఒక సాయంత్రం ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం వినిపించింది. తన దగ్గర ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆడిటర్ గారికి లెక్క తేలలేదు. లాయరమ్మకి ఫోన్ చేశారు.

"వాదిని ప్రతివాదిగా మార్చొచ్చా అమ్మా?"

"ఎవరిని సార్?"

"నన్నే."

"వీలుంటుంది సార్. కానీ మీరు అటెళ్లిపోతే ఇటు అడిగేవాళ్లెవరు?"

"ఎవరూ లేకపోతే?"

"కేసే ఉండదు."

"అదే చెయ్యమ్మా."

బకెట్టు పట్టుకుని మెట్లెక్కారు. ఆవిడే తలుపు తీసి అడ్డంగా నిలబడింది.

"అవతలి పార్టీ లోపలికి రాకూడదండీ."

"కేసు వెనక్కి తీసుకుంటున్నానే."

లోపల అందరి మొహాలూ వాడిపోయాయి.

"అదేంటండీ!" అన్నాడు పోస్టుమాస్టరు. "మరి రేపట్నుంచి మీటింగులెలా?"

"మీటింగులు పెట్టుకుందాం, నన్నూ చేర్చుకోండి. ముందు ఆ పైపు సంగతి చూడండి."

"ఎప్పుడో చూశాను సార్," అన్నాడు ప్లంబరు. "వాషరు పోయింది, అంతే. సాక్ష్యం ముట్టుకోకూడదని ఆగాం."

"రండి అన్నయ్యగారూ," అంది టీచరమ్మ, నవ్వాపుకుంటూ. కుర్చీలు చాల్లేదు. ఆడిటర్ గారు బకెట్టు బోర్లించి భార్య పక్కనే కూర్చున్నారు. ప్లంబరు బాత్రూంలోకి వెళ్లొచ్చేలోగా ఆవిడ ముక్కలు పంచేసింది.

"ఇటు తొంగి చూడకండి," అంది తన ముక్కలు గుండెకి ఆనించుకుని. "మీరింకా అవతలి పార్టీయే."