ముఖాల పేజీలో నాన్న

నాన్న చనిపోయి ఏడాది కావస్తున్న రోజులు. అప్పుడు నేను ఏలూరులో ఒక మ్యూజియంలో కంప్యూటరు పని చేసేవాణ్ణి. మ్యూజియం అంటే పెద్దదేం కాదు. పాత మిషన్ బంగళాలో నాలుగు గదులు, వరండాలో ఒక తాటిదోనె, గోడలకి కొల్లేటి వలలు, బీరువాల నిండా ఫోటోలు. దొరలు తీసినవి. హాస్టళ్ళవి, ఆసుపత్రులవి, కోత పండుగలవి. వాటన్నిటినీ స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టాలని ట్రస్టువాళ్ళు అనుకున్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే. తాడేపల్లిగూడెంలో ఎం.సి.ఏ. చేశాను. ఈ ఉద్యోగం ఉందనగానే వచ్చి చేరిపోయాను.

మా పైన సూర్యప్రకాశరావుగారు. హిస్టరీ లెక్చరరుగా రిటైరైన మనిషి. ఒకరోజు నా వెనక నిలబడి, "ఏమయ్యా మధూ, సెర్చ్ బాక్సు పెట్టావు, బాగుంది. జనం అందులో ఏం కొడతారు? లోపల ఏముందో తెలిస్తే కదా కొట్టడానికి! ఊరికే చూసుకుంటూ తిరిగే దారులు కావాలి. నాలుగు రకాలు చేసి చూడు. పోతే పోతాయి," అన్నారు.

మొదట రంగుల పేజీ చేశాను. ఒక రంగు మీద నొక్కితే ఆ రంగున్న ఫోటోలు రావాలి. కష్టపడే చేశాను. స్కానింగు చూసే గాయత్రిగారు అటూ ఇటూ నొక్కి చూసి, "ఏవండీ, ఏది నొక్కినా బెల్లం రంగే వస్తోందండీ," అన్నారు. పాత ఫోటోలన్నీ బెల్లం రంగే. ఆ సంగతి నాకు ముందు తోచలేదు.

రెండోది ముఖాల పేజీ. ఫోటోలో ముఖం ఎక్కడుందో వెతికి, మెడ దాకా చతురస్రంగా కత్తిరించే ప్రోగ్రాం ఒకటి దొరికింది. దాన్ని మా ఫోటోలన్నిటి మీదా నడిపించాను. వచ్చిన ముఖాలన్నీ ఒకే పేజీలో వరసగా పేర్చాను. ఏ ముఖం మీద నొక్కినా పెద్దదవుతుంది. దాని కింద "ఈ మనిషి మీకు తెలుసా? పేరు రాయండి" అని చిన్న గడి. ప్రోగ్రాం కొన్నిచోట్ల పొరపాటు పడింది. ఒక పనసకాయనీ, గోడ గడియారాన్నీ, ఒక ఆవు డొక్కనీ కూడా ముఖాలనుకుంది. రావుగారు ఆవుని తీయనివ్వలేదు. "ఉండనీవయ్యా, దానికీ ఎవరో ఒకరు పేరు రాస్తారు," అన్నారు.

రోజంతా ఆ ముఖాల్ని చూసేవాణ్ణి. ఏమీ అనిపించేది కాదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ నాకు అన్నీ అలాగే ఉన్నాయి. ఏడుపు రాలేదు. సమాధి దగ్గర మట్టి వేశాను, వచ్చినవాళ్ళకి టీలు అందించాను, సెలవు అయిపోగానే డ్యూటీకి వచ్చాను. నిబ్బరమైన కుర్రాడని మా పాస్టరుగారు అందరికీ చెప్పారట. నిబ్బరం కాదది. అదేమిటో నాకూ తెలీదు.

శనివారాలు మా ఊరు వెళ్ళేవాణ్ణి. పెంటపాడు పక్కనే. ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటో. ఒక శనివారం నేను అన్నం తింటుంటే అమ్మ అంది: "జ్ఞాపకార్థ కూడికకి అందరూ ఫ్లెక్సీ వేయిస్తున్నారు బాబూ. మనం వేయించకపోతే ఆయన్ని పట్టించుకోలేదంటారు."

"వేయిద్దాం. ఫోటో?"

అదే చిక్కు. పెళ్ళి ఫోటోని చెదలు తినేశాయి. ఆ తర్వాత నాన్న స్టూడియో గుమ్మం ఎక్కలేదు. ఓటరు కార్డు మీద ఉన్నది నల్లటి మచ్చ, రెండు చెవులు.

"కార్డులో ఉన్నది తనో కాదో ఆయనకే అనుమానం," అంది అమ్మ. "చిన్నప్పుడు హాస్టల్లో ఉన్నాడు కదరా, ఐదో తరగతి దాకా. నువ్వు చూస్తున్నది ఆ హాస్టలు ఫోటోలే కదా. ఒక్కసారి నాకు చూపించు. నాకు ఆయన ముఖం జారిపోతోంది, మధూ. పొద్దున లేచేసరికి సగమే గుర్తుంటోంది."

ఆ ఏళ్ళ గ్రూపు ఫోటోల్లోని ముఖాలు కాగితాల మీద ప్రింటు తీసి, తర్వాతి శనివారం పట్టుకెళ్ళాను. అమ్మ చాప మీద పరుచుకుని కూర్చుంది. పక్కన మా చెల్లి మానస. అన్నీ గుండ్లే. హాస్టలు పిల్లలందరూ గుండ్లతో, కళ్ళు చిట్లించుకుని ఉన్నారు. అమ్మ వేలు ఒక్కొక్క ముఖం మీదా ఆగుతూ వెళ్ళి, ఒకచోట నిలబడిపోయింది.

"ఇదే. ఇదే మీ నాన్న."

"నువ్వు చూశావేంటే అప్పుడు? ఆయన్ని పెళ్ళిలోనేగా చూసింది!" అంది మానస.

"నిన్ను చూశాను కదే పిచ్చిమొహమా. చిన్నప్పుడు నువ్వు అచ్చం ఇంతే. ఆ కళ్ళు చూడు. ఆ పై పెదవి చూడు."

మానస చూసింది. "అవునురా అన్నయ్యా," అంది. నేనూ చూశాను. అవునేమో అనుకున్నాను. అమ్మ ఆ ముక్క కత్తిరించుకుని బైబిల్లో పెట్టుకుంది. ఆ పూట వండుతూ పాట పాడింది. ఏడాదిలో అదే మొదటిసారి.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి ఆ ముఖం కింద "ప్రభుదాసు, పెంటపాడు. ప్రభువునందు నిద్రించినవారు" అని టైపు చేశాను. పోయినవాళ్ళ పేరు కింద మావాళ్ళు రాసే మాట అది. గూడెంలో ఫ్లెక్సీలు వేసే హెన్రీ నా క్లాస్‌మేటు. వాడికి ఆ ముఖం మెయిల్లో పంపాను. చుట్టూ మబ్బులు పెట్టి డిజైను చేశాడు.

కూడిక ఇంకా వారం ఉందనగా మ్యూజియానికి ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లచీర, చేతిలో సంచీ. చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికొచ్చింది.

"ఇంటర్నెట్లో ముఖాలు పెట్టింది మీరేనా అండీ? నా పేరు సత్యవేదం. కైకలూరు దగ్గర టీచరుగా చేసి రిటైరయ్యాను. మా మేనకోడలు నెట్ సెంటరుకి తీసుకెళ్ళి చూపించిందండీ. కింద రాసింది చదివి ఒకటే నవ్వు."

"ఏమైందండీ?"

"నేనింకా నిద్రించలేదండీ బాబూ! బస్సు దిగి నడిచే వచ్చాను."

నాకు అర్థం కాలేదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పేజీ తెరిచాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తెర మీద వేలు ఆనించింది. నాన్న ముఖం మీద.

"ఇది నేనండీ."

"ఇది అబ్బాయి కదండీ," అన్నాను.

"ఎవరు చెప్పారు? గుండు చూసి అంటున్నారా? సెలవులయ్యి ఇళ్ళ నుంచి రాగానే మొదటి పని గుండ్లేనండీ మాకు. పేల గొడవ. ఆడా మగా తేడా లేదు. చెవులకి ఉన్నవి కూడా తీయించి దాచేసేవారు. మొత్తం ఫోటో ఉంటే తీయండి, చూపిస్తాను."

తీశాను. ముందు నేల మీద ఒక వరస, దాని వెనక నిలబడ్డ వరస, ఆ వెనక బల్ల ఎక్కినవాళ్ళు. బల్ల మీదవాళ్ళ తలలే కనిపిస్తున్నాయి, ఒళ్ళు ముందువాళ్ళ వెనక ఉండిపోయింది.

"బల్ల మీద అందరూ ఆడపిల్లలే. మగపిల్లల్ని మా మధ్యకి రానిచ్చేవారు కాదు. ఈ చివర తలుపు పక్కన నిలబడింది నేను. తలుపు గడియ వీపులో గుచ్చుకుంటోందని కదిలానని హాస్టలు చూసే అక్కగారు నెత్తి మీద ఒకటిచ్చారు. అందుకే మూతి అలా పెట్టాను."

ఆవిడ చెబుతుంటే నేను ఆ పై పెదవినే చూస్తున్నాను.

పేరు మార్చాను. "సత్యవేదం, కైకలూరు" అని కొట్టి, రెండో వాక్యం తీసేశాను. ఆవిడ చదువుకుని తల ఊపింది. అప్పుడు అడిగాను, ఆ హాస్టల్లో ప్రభుదాసు అనే అబ్బాయి గుర్తున్నాడా అని.

"ప్రభుదాసులు చాలామందండీ. మీకేమవుతారు?"

"మా నాన్న."

ఆవిడ సంచీ కింద పెట్టింది. మగపిల్లల వరసల్ని చాలాసేపు చూసింది. ఒకడి దగ్గర ఆగింది, మళ్ళీ కాదంది. ఆఖరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"గుండు కొట్టాక అందరూ ఒకటేలా ఉంటారు బాబూ. నన్ను నేను కూడా ముఖాన్ని బట్టి పోల్చుకోలేదు. ముఖం పక్కన తలుపు చెక్క కనిపిస్తే దాన్ని బట్టి పోల్చుకున్నాను. ఎవరో ఒకర్ని చూపించి పంపేయొచ్చు. అబద్ధం అవుతుంది."

ఆవిణ్ణి బస్టాండు ఆటో ఎక్కించి వచ్చి, మిగిలిన పని చేసుకున్నాను.

అమ్మకి చెప్పకుండా ఉందామా అని బస్సులో ఒక్కసారి అనుకున్నాను. ఉంగుటూరు దాటేదాకా అనుకున్నాను. ఇంటికెళ్ళి చెప్పేశాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టలేదు.

"ఆడపిల్లా?"

"ఆడపిల్లే."

"బతికే ఉందా?"

"బాగానే ఉంది. టీచరుగా చేసిందట."

"ఆరోగ్యంగా ఉండనీ తల్లి," అంది. లేచి వెళ్ళి బైబిల్లోంచి ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "ఆవిడది ఆవిడకి పంపించు. బతికున్న మనిషిని నా దగ్గర పెట్టుకోకూడదు." మళ్ళీ చేట ముందు కూర్చుంది. ఆ పూట పాట లేదు. నేను ఆ ముక్కని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు గూడెం వెళ్ళి హెన్రీకి ఫోటో తీసేయమని చెప్పాను.

"తీసేసి ఏం పెట్టమంటావు?"

"ఏం పెట్టకు. పేరుంది చాలు."

"మధ్యలో అంత బొక్క ఉంటే డబ్బులు సరిపోలేదనుకుంటారు రా జనం. పావురం పెడతాను. అందరూ పావురమే పెడతారు."

"సరే, నీ ఇష్టం."

కూడిక రోజు చర్చి ఆవరణలో టార్పాలిన్ కట్టారు. చినుకులు పడుతున్నాయి. ఫ్లెక్సీ మధ్యలో, నాన్న ముఖం ఉండాల్సిన చోట, రెక్కలు చాపిన తెల్ల పావురం. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"పావురాన్ని పెట్టించావా?" అంది.

"హెన్రీ పెట్టాడమ్మా. ఏం?"

"మీ నాన్నకి పావురాలంటే ఒళ్ళుమంట కదరా."

పాస్టరుగారు నాన్న గురించి సాక్ష్యం చెప్పమన్నప్పుడు అమ్మ లేచింది. ఎప్పుడూ పదిమందిలో నోరు విప్పని మనిషి. కళ్ళంలో ఆరబోసిన ధాన్యం మీద పావురాలు వాలితే, నాన్న తువ్వాలు ఊపుతూ వాటి వెనకాల ఎలా పరిగెత్తేవాడో, "మీ అమ్మా బాబూ నాట్లు వేశారేంట్రా" అని వాటిని ఎలా తిట్టేవాడో చెప్పింది. తిట్లు పూర్తిగా చెప్పబోతే పాస్టరుగారు దగ్గారు. జనం నవ్వారు. మానస నవ్వుతూ ఏడ్చింది. అమ్మ చెయ్యి పైకెత్తి, తువ్వాలు ఊపినట్టు ఊపి చూపించింది.

నాకు ఆ చెయ్యి తెలుసు, నాన్నది. మోచేయి దగ్గర కొంచెం వంకర. ముఖం కళ్ళ ముందుకి రాలేదు. చెయ్యి మాత్రం వచ్చింది.

తర్వాత భోజనాలు. నేను విస్తళ్ళు వేశాను.