చరణం ముందు ఊపిరి

"పల్లవి నేను లాగించేస్తా. చరణం రాగానే తెర వెనక నుంచి నువ్వు ఎత్తుకో. నువ్వున్నట్టు పురుగుకి కూడా తెలియకూడదు," అంది అక్క, అద్దంలోంచే చూస్తూ. చెల్లెలు ఆమె ముడికి పిన్నులు గుచ్చుతోంది. ఒకటి కాస్త గట్టిగానే గుచ్చింది.

పాప్ గాయనులకు విడిగా అవార్డు పెట్టి పాతికేళ్లయింది. అంతకుముందు అందరికీ కలిపి ఒక్కటే ఉండేది, దాన్ని ఏటా మగాళ్లే తన్నుకుపోయేవారు. గాయనులంతా ఏకమై పోట్లాడితే ఇది పుట్టింది. మొట్టమొదట అందుకున్నది అక్క. ఈ ఏడాదితో దాన్ని ఎత్తేస్తున్నారు. మళ్లీ అందరికీ ఒక్కటేనట! అందుకే ఈ చివరి సభలో అవార్డు చరిత్రంతా వీడియోలో చూపించి, మొదటి విజేత చేత అప్పుడు గెలిచిన పాట పాడిస్తున్నారు.

ఆ అవార్డు తెచ్చిపెట్టిన చరణం అక్కది కాదు. చెల్లెలు అప్పట్లో ట్రాక్ పాడేది, అంటే అసలు గాయని విని నేర్చుకోవడానికి ముందుగా పాడి పెట్టేది. ఎన్ని తిప్పలు పడినా అక్కకు ఆ చరణం పలకలేదు. సంగీత దర్శకుడు విసిగిపోయి చెల్లెలి గొంతునే ఉంచేశాడు. పేరు మాత్రం అక్కదే వేశారు. "ఇంట్లో ఎవరికొస్తే ఏంటే?" అని నాన్న చెల్లెలి నోరు కట్టేశాడు. ఆ తర్వాత అక్క ఆమె దాకా ఒక్క పాట రానిస్తే ఒట్టు!

"పాడతాను. ఆ చరణం నాదేనని సభలో ఒక్క మాట చెప్పు, చాలు," అంది చెల్లెలు.

"చాల్లే సంబడం! ఇన్నేళ్ల నా పరువు మంటగలపమంటావా?"

అంతలో సౌండ్ ఇంజనీరు తలుపు తట్టి వచ్చాడు. "మేడమ్, వీడియోకి పాత టేపులోంచి గొంతు ఒక్కటే విడిగా తీశాం. చరణానికి ముందు, ఇన్నాళ్లూ వాద్యాల హోరులో వినపడని మాటలేవో ఉన్నాయి. కోసెయ్యమంటారా?"

"నా పాట మీద కత్తెర పడితే ఊరుకోను. ఉన్నదున్నట్టు వెయ్యి!"

ఆ మాటలేమిటో చెల్లెలికి తెలుసు. అక్క ఎక్కడ ఊపిరి పీల్చాలో ట్రాక్‌లోనే చెబుతూ పాడటం ఆమె అలవాటు. చెబుదామని నోరు తెరిచింది.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తావ్? పిన్ను సరిగ్గా పెట్టి తగలడు," అంది అక్క.

చెల్లెలు పిన్ను సరిగ్గా పెట్టి తగలడింది. మాట మింగేసింది.

హాలు కిక్కిరిసిపోయింది. అక్క వేదిక మీద, చెల్లెలు మైకుతో తెర వెనక నిలబడ్డారు. వీడియో చివర్లో ఒక లేత గొంతు వినిపించింది. "అక్కా, ఇక్కడ ఊపిరి తీసుకో." ఆ వెంటనే అదే గొంతు చరణం ఎత్తుకుంది. ముందు వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా ఎంత గడుసుది! మైకు అందుకుని నవ్వేసింది.

"మా చెల్లెలండీ. స్టూడియోకి నా వెంట వచ్చి ఏదో ఒకటి వాగేది. పాపం, దానికి పాడటం రాదు."

పాడటం రాదట! తెర వెనక చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

వాద్యాలు మొదలయ్యాయి. పల్లవిని అక్క ఎలాగో గట్టెక్కించింది. చరణం దగ్గర పడగానే ఓరకంట తెరవైపు చూసింది. చెల్లెలు మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"అక్కా, ఇక్కడ ఊపిరి తీసుకో."

ఆ మాట హాలంతా వినపడింది. చెల్లెలు మైకు కట్టేసి స్టూలు మీద పెట్టింది.

అక్క అలవాటుగా గుండెల నిండా ఊపిరి తీసుకుంది. నోరు తెరిచింది. వాద్యాలు మాత్రమే మోగుతున్నాయి.