మూడడుగుల వెనక

వేసవి వచ్చిందంటే తుల్లియో పొద్దున్న ఎనిమిదింటికల్లా లాంటర్నా స్నానాల రేవులో ఉంటాడు. భుజాన తువ్వాలు, చేతిలో పేకముక్కల డబ్బా, సంచీలో రెండు ఉడకబెట్టిన గుడ్లు. గేటు దగ్గర టికెట్టు తీసుకుని మగవాళ్ల వైపుకి తిరుగుతాడు. ఆడవాళ్లది గోడకి అవతల. మా త్రియెస్తేలో ఆడా మగా విడివిడిగా సముద్రస్నానం చేసే రేవు ఇదొక్కటే. మధ్యన తెల్లటి గోడ గులకరాళ్ల మీదుగా నీళ్లలోకి దిగిపోతుంది. దాన్ని కూలగొడదామని ఎవరైనా అంటే ముందు ఆడవాళ్లే మీదపడతారు.

గోడ అవతల రోజంతా నవ్వులే. ఆ నవ్వులంటే తుల్లియోకి మొదట్నుంచీ అనుమానం. "అంత నవ్వు రావడానికి అక్కడేముంది? నీళ్లేగా!" అని పేక పంచుతూ గొణుగుతాడు. అతని పెళ్లాం నెరీనా నవ్వు మిగతావాటిలో కలిసిపోయినా అతను పట్టేయగలడు. ఇంట్లో ఆ నవ్వు విని చాలా ఏళ్లయింది.

అనుమానం అతని వృత్తి. ముప్పై ఒక్క ఏళ్లు ఊరి చివర, పక్కదేశంతో ఉన్న సరిహద్దు గేటు దగ్గర సోదా చేశాడు. పెట్టెలు విప్పించాడు, కార్ల సీట్ల కింద చేతులు పెట్టాడు, పిల్లల బొమ్మల పొట్టలు నొక్కి చూశాడు. దొరికిందల్లా కాఫీ పొట్లాలూ జీన్సు ప్యాంట్లూ, ఒకసారి మాత్రం బతికున్న పందిపిల్ల. తరవాత సరిహద్దే ఎత్తేశారు. గేటు పీకేశారు గాని తుల్లియో అలవాటు పీకడం ఎవరి తరమూ కాలేదు. గేటు దాటి పోయేవాడు ఏదో దాచుకునే పోతున్నాడని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే తను ఏనాడూ ఎటూ పోలేదు.

నెరీనా ఓడరేవు గిడ్డంగిలో పచ్చి కాఫీ గింజలు ఏరే పని చేసేది. ఇరవై ఎనిమిదేళ్లు ఏరి, రిటైరైన మర్నాడు వెళ్లి ఒక ఎర్ర పెట్టె కొనుక్కుంది.

"జెనోవా పోతున్నా. అక్కణ్ణుంచి మార్సెయ్. వస్తావా?" అంది.

"అక్కడేముంది?"

"ఊళ్లున్నాయి. సముద్రముంది."

"మన సముద్రానికేం రోగం?"

నెరీనా ఒక్కతే వెళ్లింది. అప్పట్నుంచీ ఏటా రెండు ప్రయాణాలు. లిస్బన్ మెట్లూ, ఐర్లండ్ కొండచరియలూ, నేపుల్స్ సందులూ అన్నీ చూసింది. బయల్దేరే ముందు ప్రతిసారీ "వస్తావా?" అని అడిగేది. పంతొమ్మిదో రోజున ఠంచనుగా ఇంటికొచ్చేది.

వచ్చి స్నానానికి వెళ్లగానే తుల్లియో పెట్టె విప్పేవాడు. ఇసక, గవ్వలు, రైలు టికెట్లు, కోటల్లో చర్చిల్లో ఇచ్చిన టికెట్లు. ఎక్కడ చూసినా ఒక్కొక్కటే. అదే అతని అనుమానం. రెండోది వాడి జేబులో ఉండిపోయి ఉంటుంది. ఆ వాడెవడో తేలడమే మిగిలింది. నెరీనాకి ఈ సోదా సంగతి తెలుసు. అందుకే అతనికి ఇబ్బంది లేకుండా బట్టలు వరసగా మడిచి తెచ్చేది.

ఆవిడ ఊరూరి నుంచీ కార్డు పంపేది. నెరీనా పంపే కార్డుల్లో నెరీనా ఉండేది. బొమ్మలో ఏ వీధి ఉంటే ఆ వీధిలో నడిచేది, బెంచీ ఉంటే కూర్చునేది, ఆ ఊరు వదిలిందాకా అందులోనే తిరిగేది. వదిలాక కార్డు మామూలు బొమ్మయిపోయేది. అక్కడ వాన పడితే కార్డు తడిసేది. ఐర్లండ్ కార్డుని పోస్టావిడ వేళ్ల కొసలతో పట్టుకొచ్చి, "మిగతా ఉత్తరాలన్నీ నానిపోయాయండీ, దీన్ని కాస్త ఆరేసుకోండి" అని చెప్పి పోయింది. తుల్లియో కార్డుల్ని ఫ్రిజ్ తలుపుకి అంటించేవాడు. బొమ్మలో గాలి లేస్తే పక్కనున్న కరెంటు బిల్లు రెపరెపలాడేది.

వెనకవైపు ఎప్పుడూ ఒకే రాత: "ఇక్కడ గాలి బాగుంది. వస్తావా?"

దాన్నీ అతను నమ్మలేదు. రాడని గట్టిగా తెలిసినవాళ్లే అంత ధైర్యంగా పిలుస్తారని అతని లెక్క.

ఈ జూన్‌లో జెనోవా కార్డు వచ్చింది. తుల్లియో భూతద్దం తీసుకుని ఫ్రిజ్ ముందు స్టూలు వేసుక్కూర్చున్నాడు. నెరీనా ఓడరేవు వెంట నడుస్తోంది. ఆవిడకి మూడడుగుల వెనక ఒక మగవాడు. నెత్తిన గడ్డిటోపీ, టోపీ వెనక అంచు కిందికి వంగిపోయి ఉంది. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, కాళ్లు ఎడంగా వేస్తూ, ఆవిడ ఆగితే ఆగుతున్నాడు, కదిలితే కదులుతున్నాడు. మొహం మాత్రం ఇటు తిప్పలేదు.

నాలుగు రోజులకి మార్సెయ్ కార్డు వచ్చింది. అందులోనూ వాడే.

తుల్లియో కార్డు పట్టుకుని రేవుకి పోయాడు. క్రేను నడిపి రిటైరైన బ్రూనోకి భూతద్దం ఇచ్చి, "చూడు. ఎవడో గుర్తుపట్టు" అన్నాడు.

బ్రూనో చాలాసేపు చూశాడు. "ఈ నడక నేనెక్కడో చూశాను."

"ఎక్కడ?"

"ఇక్కడే. రోజూ చూస్తున్నట్టుంది."

అంతే, ఆ వారమంతా తుల్లియో పేకాడలేదు. రేవులో వీపులకి కొదవ లేదు గదా, నీళ్లలోకి దిగే ప్రతి వీపునీ పరీక్షగా చూశాడు. చేపల కొట్టాయన్ని రెండుసార్లు అటూ ఇటూ నడిపించాడు. ఒక్కటీ సరిపోలేదు.

నెరీనా చెల్లెలు ఫుల్వియాకి ఈ కబురు అందింది. గోడ అవతల్నుంచి గొంతెత్తింది.

"బావా! మగాళ్ల వీపులు లెక్కపెడుతున్నావట! కొత్త ఉద్యోగమా?"

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు.

"నీకన్నీ తెలుసు ఫుల్వియా. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసే నాటకమాడుతున్నారు."

"తెలిస్తే ఏం చేస్తావ్? నా పెట్టె కూడా విప్పుతావా?"

మూడో కార్డు కాదిస్ నుంచి. స్పెయిన్‌లో రైలు పట్టాలు ఆఖరయ్యే ఊరు. బొమ్మలో ఊరి నుంచి సముద్రంలోకి పొడుగ్గా ఒక రాతిబాట, చివర పాతకోట, బాటకి రెండు పక్కలా నీళ్లు. నెరీనా ఆ బాట మీద నడుస్తోంది. మూడడుగుల వెనక వాడు. నడుస్తూ నడుస్తూ ఆవిడ వెనక్కి తిరిగింది, వాడితో ఏదో అంది, నవ్వింది. కార్డులోంచి చప్పుడు రాదు. అయినా తుల్లియోకి ఆ నవ్వు వినపడినట్టే ఉంది. అది గోడ అవతలి నవ్వు.

అతను గోళ్లు తీసుకునే కత్తెర తెచ్చాడు. టోపీ నుంచి బూట్ల దాకా వాణ్ణి చుట్టూ కత్తిరించాడు. ఆ ముక్కని కవర్లో పెట్టి, అంటించి, పైన తేదీ, సమయం వేసి సంతకం చేశాడు. సరిహద్దు దగ్గర పట్టుకున్న సరుక్కి అలాగే చేసేవాడు. కార్డుని మళ్లీ ఫ్రిజ్‌కి అంటించాడు. మనిషి ఆకారంలో కంత, కంతలోంచి తెల్లగా ఫ్రిజ్ తలుపు.

కాసేపటికి కార్డులో నెరీనా వెనక్కి తిరిగింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. కంతని చూస్తూ అలాగే నిలబడిపోయింది. తరవాత నోరు మూసుకుని ముందుకి నడిచింది. మళ్లీ వెనక్కి తిరగలేదు.

"పీడా పోయింది" అనుకుని తుల్లియో ఆ పూట రెండు గ్లాసులు ఎక్కువ తాగాడు.

పంతొమ్మిదో రోజు వచ్చింది, నెరీనా రాలేదు. ఇరవయ్యో రోజూ రాలేదు. ఇరవై మూడో రోజున కాదిస్ నుంచే ఇంకో కార్డు వచ్చింది. బొమ్మలో నెరీనా ఒక్కతే బెంచీ మీద కూర్చుని ఉంది. తుల్లియో కార్డు తిప్పాడు.

"ఇక్కడ గాలి బాగుంది."

అంతే. అతను భూతద్దం పెట్టి చూశాడు. దీపం దగ్గర పట్టి చూశాడు. సరుకులో ఏం ఎక్కువుందో వెతకడం అతని జీవితం, ఏం తక్కువైందో వెతకడం ఇదే మొదటిసారి. "వస్తావా" లేదు.

రేవుకి పోయి గోడ దగ్గర నిలబడ్డాడు. "ఫుల్వియా! మీ అక్క ఎప్పుడొస్తానంది?"

గోడ అవతల నవ్వులు ఆగాయి.

"నిన్న ఫోన్ చేసింది బావా" అంది ఫుల్వియా. గొంతులో ఎకసెక్కం లేదు. "అక్కడే గది తీసుకుందట. చలికాలం దాకా ఉంటానంది. ఆ తరవాత సంగతి చెప్పలేదు."

"ఎందుకట?"

"'ఎక్కడ తిరిగినా నా వెనక ఎవరో ఉన్నట్టు ఉండేదే ఫుల్వియా, ఉన్నట్టుండి లేకుండా పోయింది. ఇంక ఇంటికి రావడం దేనికి' అంది. నేనేం చెప్పను?"

ఇవతల మగవాళ్లందరూ పేక దించి తుల్లియో వంకే చూస్తున్నారు. తుల్లియోకి భయం వేసింది. నెరీనా ఇంక రాదేమోనన్న భయం. అది తట్టుకోలేక అలవాటైన అనుమానాన్నే పట్టుకున్నాడు. చూశారా, వెనక ఎవడో ఉన్నాడని తనే ఒప్పుకుంది! వాడు కార్డులోంచి పోయాడు గాని ఊళ్లోంచి పోయాడా?

"వాణ్ణి పట్టుకుంటాను" అన్నాడు.

"పట్టుకుని?" అన్నాడు బ్రూనో.

 తుల్లియో ఆ మధ్యాహ్నమే కంత కార్డూ కవరూ జేబులో పెట్టుకుని రైలెక్కాడు. పుట్టి అరవై తొమ్మిదేళ్లకి మొదటి ప్రయాణం. ఫ్రాన్సులోకి పోయేచోట తన సంచీ ఎవరైనా విప్పుతారేమోనని తాళం తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు, దాంతో కొంచెం చిన్నతనంగా అనిపించింది. మూడు రోజులు కిటికీ పక్కన కూర్చుని కార్డు కంతలో చిటికెనవేలు దూర్చి తీస్తూ గడిపాడు. మధ్యమధ్య బయటికి చూస్తే సముద్రం కనిపించేది. ఒక్కోచోట ఒక్కో రంగు. ఇదంతా నెరీనా ఒక్కతే చూసిందే అనుకుని, వెంటనే, ఒక్కతే అని ఎవడు చెప్పాడు అని సర్దుకున్నాడు.

కాదిస్‌లో దిగేసరికి మూడో రోజు మధ్యాహ్నం దాటింది. ఎండ నెత్తి మాడ్చేస్తోంది, గాలి మా ఊళ్లో మనుషుల్ని తోసిపారేసే బోరా గాలికి చెల్లెల్లా ఉంది. రాతిబాట మొదట్లో ఒక చిన్న కొట్టు. పట్టుకోవాలంటే ముందు తను దొరక్కూడదు గదా, మొహం కనపడకుండా టోపీ ఒకటి కావాలన్నాడు. ఎండకి అన్నీ అమ్ముడుపోయి ఒక్క గడ్డిటోపీ మిగిలిందని, అదీ వెనక కాస్త దెబ్బతిందని కొట్టామె సైగలు చేసింది. తన వెనక తనకెలాగూ కనపడదు. చూడకుండానే నెత్తిన పెట్టేసుకున్నాడు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే నెరీనా కొట్టు ముందునుంచి పోయింది.

ఆవిడ కుడిచేతిలో గుడ్డసంచీ ఉంది. బాట మీదకి ఎక్కి కోట వైపు నడవసాగింది. తుల్లియో వెంబడించాడు. మరీ దూరమైతే వాడు వచ్చినప్పుడు తెలీదు, మరీ దగ్గరైతే ఆవిడ పోల్చేస్తుంది. మూడడుగులు సరిపోతాయి. ఆవిడ ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. ఏ పక్కనుంచి వస్తాడో వాడు! బాట మొత్తం కలయజూశాడు. గాలాలు వేసుక్కూర్చున్న ముసలాళ్లు తప్ప ఎవరూ లేరు.

వాణ్ణి పోల్చుకోడానికి కత్తిరించిన ముక్క కావాలి. జేబులోంచి కవరు తీసి, తన సంతకం మీద గోరు పెట్టి చింపాడు. కవరు ఖాళీగా ఉంది. దులిపి చూశాడు, ఏమీ రాలలేదు. కార్డు తీసి అలవాటుగా చిటికెనవేలు కంతలో పెట్టబోయాడు. వేలు కాగితానికి తగిలి ఆగింది.

కంత లేదు. కార్డులో అదే బాట, అదే గాలి, ముందు గుడ్డసంచీతో నెరీనా. మూడడుగుల వెనక గడ్డిటోపీ మనిషి, వెనక అంచు వంగింది. ఈసారి చేతులు వీపు వెనక లేవు. చేతిలో దేన్నో పట్టుకుని వంగి చూసుకుంటున్నాడు.

తుల్లియో తల ఎత్తాడు. కార్డులో వాడూ ఎత్తాడు. తుల్లియో టోపీ తీశాడు. వాడూ తీశాడు. ఆ బట్టతల అతనికి తెలిసిందే, రోజూ తువ్వాలుతో తుడుచుకునేదే.

ఎంతమంది వీపులు చూశాడు! ఎన్నేళ్లు పెట్టె విప్పి రెండో టికెట్టు కోసం వెతికాడు! బాట పక్క గోడ పట్టుకున్నాడు. తనని తానే గోళ్ల కత్తెరతో కోసి, సంతకం పెట్టి మరీ జేబులో వేసుకున్నాడని అర్థమయ్యేసరికి సిగ్గుతో ఏడుపొచ్చింది.

నెరీనా ఆగి ఉంది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"సోదాకి వచ్చావా," అంది, "చూడ్డానికి వచ్చావా?"

"సోదాకే వచ్చాను."

"దొరికిందా?"

అతను చెయ్యి చాపి కార్డు ఇచ్చాడు. ఆవిడ తీసుకుని చూసింది.  అప్పుడు తిరిగి, అతని చేతిలోంచి టోపీ లాక్కుని, వంగిన అంచుని సరిచేసి అతని నెత్తిన పెట్టింది. నవ్వలేదు.

"తొమ్మిదేళ్లు అడిగాను తుల్లియో" అంది. మళ్లీ కోట వైపుకి తిరిగి నిలబడింది.

తుల్లియో ఎదురుచూశాడు. ఆవిడ ఇప్పుడు ఆ మాట అంటుంది, ఎప్పుడూ అనేదే. గాలి వీస్తోంది, గాలాల వాళ్లు చేపలు తీస్తున్నారు. ఆవిడ అనలేదు. ఇంక ఆవిడ అనదని అతనికి తెలిసింది. 

"ఇక్కడ గాలి బాగుంది" అన్నాడు. "నేను కూడా రానా?"

 నెరీనా కుడిచేతిలో ఉన్న సంచీని ఎడమచేతికి మార్చుకుంది. కుడిపక్కన ఒక మనిషి నడిచేంత చోటు అయింది. తుల్లియో ఆ మూడడుగులూ వేశాడు.