హాప్ పూల వాసన ఎవరు తీశారు?

శనివారంలోగా హాలు తాళం తెచ్చుకోవాలి, విందుకు వండే తమాలీలకు మొక్కజొన్న పిండి ఎంత కావాలో అత్తను అడగాలి, నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయాలి, స్టీలు పీపా కడగాలి, బీరుకు వాసన తెప్పించాలి. మొదటి నాలుగూ నా చేతిలో పనులే. అయిదోది మాత్రం పక్కింటి లాయిడ్ చెడగొట్టాడని నా అనుమానం.

మా నాన్న ఎలియాసర్ అమెరికాలోని టాపెనిష్‌లో హాప్ పూలు ఆరబెట్టే బట్టీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. శనివారం ఆయనకు వీడ్కోలు విందు. ఆయన ఆరబెట్టిన పూలు ఎవరెవరి బీర్లకో సువాసననిచ్చాయి. మా ఇంట్లో కాలేజీ చదివింది నేనొక్కదాన్నే, అదీ రసాయనశాస్త్రం. ఆ పూల వాసన గుప్పుమనే పేల్ ఏల్ బీరు ఒక్క గ్లాసు నా చేత్తో కాచి ఆయనకివ్వాలనుకున్నాను. రెండుసార్లు కాచాను. చేదు వచ్చింది గాని వాసన రాలేదు.

మూడోసారికి లాయిడ్ తన పెరటి పూలు ఒక సంచి ఇచ్చాడు. మా ఊరి ఇంటి బీరు పోటీలో ఏటా గెలిచేది ఆయనే. సంచి మీద ఏ ఏడాదివో రాసి లేదు. అడిగితే వర్షం గురించి మాట్లాడాడు. నాకు అక్కడే తేడా కొట్టింది.

బీరు పులిసి నెమ్మదించాక, విందుకు వారం ముందు శనివారం ఆ పూలు బీరు డబ్బాలో వేశాను. రోజూ ఉదయం, సాయంత్రం మూత తీసి వాసన చూశాను. ఆదివారం ఘుమఘుమలాడింది. సోమవారం తగ్గింది. మంగళవారానికి తడి అట్టపెట్టె వాసన.

"పాత సరుకు అంటగట్టాడు నాన్నా," అన్నాను.

"నువ్వు పోలీసుల్లో చేరాల్సింది తల్లీ," అని నవ్వాడాయన.

బుధవారం నేరుగా లాయిడ్ గుమ్మంలోకి వెళ్లి అడిగేశాను. "ఎన్నేళ్లనాటి పూలు ఇచ్చారు లాయిడ్ గారూ?"

"మొన్న సెప్టెంబరులో కోసినవే. ఒంటరివాణ్ణి, ఎవరు చదువుతారని రాయాలి? అది సరే అమ్మాయ్, మూత ఎన్నిసార్లు తీశావు?"

"రోజుకు రెండుసార్లు. మీమీద అనుమానంతో."

"బాగుంది! నీ ముక్కుకి తగిలిన వాసన ఇక గ్లాసులో ఎక్కడుంటుంది? వాసన బయటికి పోయింది, గాలి లోపలికి పోయింది. ఇది కాలేజీలో చెప్పలేదా?"

చెప్పారు.

ఆయన మరో సంచి పూలు, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ తెచ్చాడు. పూలను పల్చటి గుడ్డలో మూటగట్టి పీపాలో వేశాం. గ్యాస్‌తో గాలిని తరిమి, బీరును గొట్టంతో అడుగు నుంచి ఎక్కించి, మూత బిగించి చల్లటి చోట పెట్టాం. "శనివారం దాకా దీని జోలికొస్తే నీ చేతులు కట్టేస్తా," అన్నాడు.

ఆ మూడు రోజులూ చొక్కా ఇస్త్రీ చేస్తూ గడిపాను. అవసరం లేకపోయినా నాలుగుసార్లు చేశాను.

శనివారం నాన్న గ్లాసు అందుకుని తాగలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూశాడు.

"లాయిడ్, ఈ పూలు నువ్వే ఆరబెట్టావా?"

"నా గరాజులోనే."

"ఎక్కువ ఆరబెట్టావు. నేనైతే గంట ముందే దించేవాణ్ణి."

"విందుకొచ్చి వంకలు పెడతావేమయ్యా!" అన్నాడు లాయిడ్. హాలంతా నవ్వింది. నాన్న గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాచాడు.

మీరెప్పుడైనా ఇలాంటి బీరు ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఆ పూలను అరచేతిలో నలిపి చూసి, బట్టీ నుంచి ఏ గంటకు దించాలో చెప్పిన ఎలియాసర్ అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి.