నుదుటి తెలుపు

తుపాను వెలిసిన మర్నాడు పొద్దున్నే నూజెండ్ల చెరువు కట్ట మీద ఆ పిట్ట కూర్చుని ఉంది. పశువుల ఆసుపత్రిలో పనిచేసే జ్యోతిర్మయి డ్యూటీకి పోతూ స్కూటీ ఆపింది. వీపంతా నలుపు, పొట్ట తెలుపు, లోతుగా చీలిన తోక. ఆరేళ్లుగా పిట్టల్ని చూస్తున్న మనిషి, ఇది చెరువుల్లో తిరిగే రకం కాదని ఇట్టే పోల్చుకుంది. గాలి దీన్ని సముద్రం మీంచి ఇంత దూరం తోసుకొచ్చింది. ఫోటో తీసి, పక్షుల గ్రూపులో ‘సూటీ టెర్న్’ అని పెట్టింది.

మధ్యాహ్నానికల్లా గ్రూపు నడిపే ఉపేంద్ర గుంటూరు నుంచి కార్లో దిగాడు. మెడలో చేయంత కెమెరా. పిట్టను ఓసారి చూసి పెదవి విరిచాడు.

“ఇది బ్రైడిల్డ్ టెర్న్ అమ్మా. గేదెలకి ఇంజక్షన్లు పొడుచుకునేవాళ్లకి ఇవెట్టా తెలుస్తాయిలే.”

వెంట వచ్చిన ఇద్దరూ నవ్వారు. జ్యోతిర్మయికి ఒళ్లు మండిపోయింది.

“నుదురు చూడండి సార్. మీరు చెప్పేదానికి ఆ తెలుపు సన్నగా కంటి వెనక్కి పోద్ది. దీనికి కంటి దగ్గరే ఆగింది. వీపు కూడా బూడిదరంగు కాదు, కారు నలుపు.”

“నువ్వు నాకు చెప్తన్నావా?”

అంతలో పిట్ట లేచింది. ఉపేంద్ర టకటకా ఫోటోలు తీసి, తెర మీద పెద్దవి చేసి చానాసేపు చూశాడు. కెమెరా మళ్లీ మెడలో వేసుకుని కారెక్కాడు.

మర్నాడు గ్రూపులో పోస్టు: ‘నూజెండ్లలో సూటీ టెర్న్. గుర్తించినది ఉపేంద్ర. సహకారం: స్థానిక మహిళ.’ కింద వరసగా అభినందనలు. ఆమె పెట్టిన ఫోటో మాత్రం మాయం.

వెంటనే ఫోన్ చేసింది. “నా పేరేంది సార్?”

“హడావిడిలో మర్చిపోయానమ్మా. పిట్ట ముఖ్యం గాని పేర్లెందుకు?”

“మరి మీ పేరెందుకు పెట్టుకున్నారు? నా ఫోటో ఎందుకు పీకేశారు?”

“సాయంత్రానికి సర్దుతాలే.”

సాయంత్రం దాటినా సర్దలేదు. జ్యోతిర్మయి తన ఫోటో, తీసిన టైము, నుదురు, వీపు వివరాలు పక్షుల రికార్డులు చూసే కమిటీకి పంపింది. తర్వాత కట్ట మీద అతనన్న మాట పొల్లుపోకుండా గ్రూపులో రాసింది. పది నిమిషాల్లో ఆమెను తీసేశారు.

వారానికి కమిటీ ఆ రికార్డును ఆమె పేరునే ఖాయం చేసింది. ఉపేంద్రే ఫోన్ చేశాడు.

“పదిమందిలో అట్టా రాయటం బాగుందామ్మా?”

“పదిమందిలో అనటం బాగుందా?”

ఫోన్ పెట్టేసింది. కోపం తగ్గలేదు. తగ్గాలని ఆమెకూ లేదు.