జిప్పు పెట్టిన ఇరో

లాగోస్ గొప్పింటి ఆడవాళ్లందరి చేతా జిప్పు ఇరో తొడిగించిన మొజిరాదే, అబెయొకుటాలో ఉన్న కన్నతల్లి చేత మాత్రం తొడిగించలేకపోయింది. తరతరాలుగా నడుముకు చుట్టి దోపుకునే ఇరో గుడ్డను కత్తిరించి, మోకాళ్ల దాకా తెచ్చి, పక్కన జిప్పు పెట్టింది. పేరొచ్చింది. వెనకాలే పత్రికలో ఒక ముక్కా వచ్చింది: "సొంత తల్లే ముట్టని బట్ట." అది ఆమె గొంతులో ముల్లులా దిగబడింది.

అందుకే తల్లి సిఫావు అరవయ్యో పుట్టినరోజుకు పత్రికవాళ్లను తనే పిలిచింది. తల్లి నీలిమందులో ముంచి తీసిన గుడ్డతోనే ఇరో కుట్టి పట్టుకెళ్లింది.

"దీనికి ముడి ఎక్కడేసుకోనే?"

"ముడే అక్కర్లేదమ్మా. ఇలా పైకి లాగితే సరి."

"గోనెసంచికైనా మూతి కడతారు కదే!"

"ఈ ఒక్కరోజమ్మా. నా పరువంతా నీ నడుం మీదే ఉంది."

"అసలే నొప్పితో చస్తున్న నడుం. దాని మీద నీ పరువొకటి!" అంటూనే తొడుక్కుంది.

పందిట్లో డప్పులవాడు సిఫావు తాతల పేర్లు ఒక్కొక్కటే డప్పు మీద పలికించాడు. ఆ పేర్లు వినగానే లేచి, ఇరో అంచు విప్పి, బారుగా చాపి, మళ్లీ బిగించి కట్టుకోవడం అక్కడి పెద్దాడవాళ్ల మర్యాద. సిఫావు లేచింది. చెయ్యి నడుముకు పోయింది. విప్పడానికేమీ లేదు. డప్పు మళ్లీ అడిగింది.

"తాతలకు ఆ జిప్పే లాగి చూపించక్కా!" అంది చెల్లెలు.

పందిరంతా ఘొల్లుమంది. సిఫావు లోపలికెళ్లి, పాత ఇరో ఒకటి పైన చుట్టుకొచ్చి, విప్పి, కట్టి, ఆడింది. కెమెరా సరిగ్గా అప్పుడే మెరిసింది.

"లోపల నీదే ఉందిగా, మొహం అలా పెట్టకు," అంది కూతురితో, చెమట తుడుచుకుంటూ.

వారానికి బొమ్మ అచ్చయింది. కింద "మొజిరాదే సరికొత్త సృష్టి" అని రాశారు. మర్నాడే ఒక జడ్జిగారి భార్య లాగోస్‌లో మొజిరాదే దుకాణంలో దిగింది.

"మీ అమ్మగారిది చూశానమ్మా, ఎంత హుందాగా ఉందో! నాకూ అదే కావాలి. పైది చాలు. లోపల ఇంకోటేదో ఉందటగా, అది వద్దులే."

మొజిరాదే మెడలో టేపు తీసి ఆవిడ నడుము కొలిచింది. అంకె వేసుకోబోతుంటే గుర్తొచ్చింది, చుట్టుకునే గుడ్డకు కొలతతో పనిలేదని.